ఏళ్ల తరబడి నడుము నొప్పి: "టెన్షన్ వల్లే" అనడం వైద్యమా, రోగి మీద నింద మోపడమా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నాకు నడుము నొప్పి మొదలై కొన్నేళ్లయింది. బ్యాంకు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము కింది భాగంలోని రెండు వెన్నుపూసల మధ్య, మెత్తలా ఉండే డిస్క్ కొంచెం ఉబ్బిందని రాశారు. ఆపరేషన్ అక్కర్లేదని సర్జన్లు చెప్పారు. ఈమధ్య నొప్పి వైద్యం చేసే ఒక డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఇలా అన్నారు: "మీ నడుముకు తగిలిన దెబ్బ ఎప్పుడో మానింది. మీ నాడీవ్యవస్థ నొప్పిని నేర్చేసుకుంది. మీ టెన్షన్ దాన్ని పోనివ్వడం లేదు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే ఇల్లు రెండుగా చీలింది. "అంటే నువ్వు లేని నొప్పి ఊహించుకుంటున్నావనేగా ఆయన అనేది" అని అన్నయ్యకు కోపం వచ్చింది. మా ఆవిడ మాత్రం, ప్రతి ఏడూ మార్చి క్లోజింగ్ వచ్చేసరికి నేను మంచం పడుతున్నాను కాబట్టి డాక్టరు చెప్పిందే నిజం అంటోంది.

నాకు ఓదార్పు అక్కర్లేదు. ఈ మాట వెనక నిజంగా శాస్త్రం ఉందా, లేక ఏమీ దొరకనప్పుడు రోగి మీదకు నెట్టేయడానికి వాడే మాటా? రెండు వైపులా తెలిసినవాళ్లు గట్టిగా వాదించండి. చదివి నిర్ణయించుకుంటాను.

సిద్దిపేట ఫిజియో

శాస్త్రం ఉంది, చాలా ఉంది. ముందు మీ అన్నయ్యగారి అనుమానం సంగతి చూద్దాం. "నాడీవ్యవస్థ నేర్చుకుంది" అంటే నొప్పి ఊహ అని కాదు. మెదడు, వెన్నుపాము, నరాలు కూడా శరీరమే కదా. వాటిలో వచ్చిన మార్పు డిస్క్‌లో వచ్చిన మార్పు ఎంత నిజమో అంత నిజం.

డిస్క్ ఉబ్బు విషయం. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కానింగుల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష చేశారు. అందులో 3,110 మంది ఉన్నారు. 20 ఏళ్ల వయసువాళ్లలో 37 శాతానికి డిస్క్ అరుగుదల, 30 శాతానికి డిస్క్ ఉబ్బు కనిపించాయి. 80 ఏళ్లకు వచ్చేసరికి అరుగుదల 96 శాతం, ఉబ్బు 84 శాతం. మళ్లీ చెబుతున్నాను, వీళ్లలో ఎవరికీ నడుము నొప్పి లేదు. కాబట్టి రిపోర్టులో ఉబ్బు కనిపించినంత మాత్రాన మీ నొప్పికి కారణం దొరికినట్టు కాదు.

మరి కారణం ఏమిటి? దెబ్బ తగిలినప్పుడు ఆ సంకేతాలు అదేపనిగా వస్తుంటే వెన్నుపాములోని కణాలు మరింత చురుకవుతాయి. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల మీద పరిశోధనలో దీన్ని చూపించారు: గాయం తర్వాత మార్పు గాయమైన చోటే కాదు, వెన్నుపాములోనూ వస్తుంది. ఆ తర్వాత మామూలు స్పర్శ కూడా నొప్పిగా అందవచ్చు. మనకు జ్ఞాపకాలు ఏర్పడేటప్పుడు కణాల మధ్య బంధం ఎలా బలపడుతుందో ఇక్కడా అలాంటిదే జరుగుతుంది. ఒకసారి దొంగలు పడిన ఇంట్లో కుక్క ఆ తర్వాత పాలవాణ్ణి చూసినా మొరుగుతుంది. మొరుగు నిజమే, దొంగ మాత్రం లేడు.

దీని మీద భయం తోడవుతుంది. వంగితే నొప్పి వచ్చిందని వంగడం మానేస్తారు. మానేసేకొద్దీ కండరాలు బలహీనపడతాయి, వంగడమంటే భయం పెరుగుతుంది, ఎప్పుడైనా వంగాల్సి వస్తే నొప్పి ముందుకన్నా ఎక్కువగా తెలుస్తుంది. ఈ చక్రాన్ని వ్లాయెన్, లింటన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో వివరంగా రాశారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది నేను రోజూ చూస్తున్నాను.

మల్లెతీగ

ఫిజియో గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఈ మాట ఎవరికి ఎప్పుడు చెబుతారో మీరు చెప్పలేదు. అది నేను చెబుతాను.

ఇంటర్ చదివే రోజుల నుంచి నాకు నెలసరిలో ప్రాణం పోయేంత నొప్పి. ఒక డాక్టరు పరీక్షల టెన్షన్ అన్నారు. ఇంకొకరు పెళ్లయితే తగ్గుతుందన్నారు. పెళ్లయ్యాక, అత్తవారింట్లో సర్దుకోలేక ఇలా అవుతోందేమో అన్నారు. నిద్రమాత్రలు రాశారు. చివరికి లాపరోస్కోపీ, అంటే పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూసే పరీక్ష, చేస్తే ఎండోమెట్రియోసిస్ అని తేలింది. గర్భాశయం లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట, పేగుల దగ్గర కూడా పెరిగి అతుక్కుపోయింది. ఈ జబ్బు ప్రపంచంలో పిల్లలు కనే వయసున్న ఆడవాళ్లలో సుమారు పది శాతానికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అంత సామాన్యమైన జబ్బును కనిపెట్టడానికి ఏళ్లు పట్టడానికి కారణం సైన్సు లేకపోవడం కాదు. "టెన్షన్" అన్న మాట దొరికాక వెతకడం ఆపేయడం.

గోదారిగట్టు గారికి ఎమ్మారై తీశారు, సర్జన్లకు చూపించారు, అన్నీ అయ్యాక టెన్షన్ మాట వచ్చింది. నాలాంటివాళ్లకు ఆ మాట మొదటి రోజే వస్తుంది. మీ సిద్ధాంతం తప్పని నేననను. కానీ అది ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో చూడకుండా "శాస్త్రం ఉంది" అంటే నేను ఒప్పుకోను.

మర్రిగూడ మనిషి

మాది నల్గొండ వైపు. మా తాతల కాలం నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాను. మొదట్లో వాళ్లకు కనిపించేది ఏమిటో తెలుసా? నడుము నొప్పి, కీళ్ల నొప్పి, పొద్దున లేస్తే ఒళ్లు బిగుసుకుపోవడం. అంతే. ఆ దశలో ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ పట్టుబడకపోవచ్చు. ఏళ్లు గడిచాక వెన్నెముక వెదురుబొంగులా బిగిసిపోతుంది, మెడ తిప్పలేరు, కాళ్లు చచ్చుపడతాయి.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పుడు ప్రకాశం వైపు ఊళ్లలో, ఈ జబ్బును 1937లోనే షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికలో రాశారు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది.

ఇప్పుడు నది నీళ్లు వస్తున్నాయి, కొత్త తరానికి ఆ గండం తప్పింది. కానీ పాతవాళ్ల ఒళ్లు నొప్పులు అలాగే ఉన్నాయి. వాళ్ల దగ్గరికి వెళ్లి "మీ మెదడు నొప్పిని నేర్చుకుంది" అంటారా? మా ఊరికి కావాల్సింది నీళ్లు. ధ్యానం కాదు.

సిద్దిపేట ఫిజియో

మల్లెతీగ గారూ, మర్రిగూడ మనిషి గారూ, మీ ఇద్దరితో నాకు తగాదా లేదు. ముందు వెతకాలి. ఈ విషయంలో సందేహమే లేదు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే మన దేశంలో మొదట వెన్నెముక క్షయ ఉందేమో చూడాలి. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాళ్లలో బలం తగ్గుతూ పోతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. అలాంటివాళ్లకు నేను వ్యాయామం మొదలుపెట్టను, పంపించేస్తాను.

కానీ ఒక ప్రశ్న. జబ్బు దొరికింది, మందు వేశారు, ఆపరేషన్ చేశారు. అయినా నొప్పి పోలేదు. అప్పుడేం చేస్తాం? ఎండోమెట్రియోసిస్‌కు ఆపరేషన్ అయ్యాక కూడా కొందరికి నొప్పి మిగులుతుంది. కీళ్లవాతంలో వాపు పూర్తిగా అదుపులోకి వచ్చినా నొప్పి తగ్గనివాళ్లు ఉన్నారు. 2005 చివర ఆంధ్ర ప్రాంతంలో మొదలై 2006లో ఊళ్లకు ఊళ్లనే పడగొట్టిన చికున్‌గున్యా గుర్తుందా? జ్వరం వారంలో పోయినా కీళ్ల నొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోయాయి. వాళ్లలో కొందరికి కీళ్లలో వాపు నిజంగానే మిగిలి ఉంటుంది, మరికొందరికి వాపు కనపడదు కానీ నొప్పి ఉంటుంది. కారణం శరీరంలో ఉందా, నాడీవ్యవస్థ నేర్చుకున్నదా అని రెండు గదులు కట్టి రోగిని ఒకదాంట్లో కూర్చోబెట్టడమే తప్పు. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

లెక్కల మాస్టారు

నేను వైద్యుణ్ణి కాను, గణాంకాలు చెప్పేవాణ్ణి. ఫిజియో గారు ఇచ్చిన అంకెలు సరైనవే. కానీ అవి సగం కథ.

నొప్పి లేనివాళ్లలోనూ అరుగుదల ఉంటుందన్న ఆ సమీక్ష చేసిన బృందమే అదే 2015లో మరో సమీక్ష కూడా వేసింది. 50 ఏళ్లు, అంతకు లోపు వయసువాళ్లను తీసుకుని, నొప్పి ఉన్నవాళ్లను లేనివాళ్లతో పోల్చారు. డిస్క్ అరుగుదల, ఉబ్బు నొప్పి ఉన్నవాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. అంటే ఎమ్మారైలో కనిపించేదానికి ఏ అర్థమూ లేదనడం కూడా అతి. ఒక మనిషి విషయంలో అదే కారణమని చెప్పలేము, గుంపు మొత్తంలో చూస్తే సంబంధం ఉంది. మొదటి సమీక్షను అందరూ పంచుకుంటారు, రెండోదాన్ని ఎవరూ పంచుకోరు.

ఇంకా చాలామంది గొప్పగా చెప్పే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో చేసి 2021లో ప్రచురించారు. ఏళ్ల తరబడి నడుము నొప్పి ఉన్న 151 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు "ఈ నొప్పి ప్రమాద సూచన కాదు, మెదడు వేస్తున్న తప్పు లెక్క" అని నేర్పే మానసిక చికిత్స నాలుగు వారాలు ఇచ్చారు. రెండో గుంపుకు ఉప్పునీళ్ల ఇంజెక్షన్ ఇచ్చారు, అది ఉత్త ఉప్పునీళ్లేనని ముందే చెప్పి మరీ. మూడో గుంపు మామూలుగా వాడుతున్న వైద్యమే కొనసాగించింది. చికిత్స పూర్తయ్యాక నొప్పి లేదు, లేదా దాదాపు లేదు అన్నవాళ్లు మొదటి గుంపులో 66 శాతం, రెండో దాంట్లో 20, మూడో దాంట్లో 10.

తేడా చాలా పెద్దది, కాదనను. కానీ అందులో చేరినవాళ్ల నొప్పి సగటున పదికి నాలుగు దరిదాపుల్లో ఉంది, అంటే మధ్యరకం. తమకు ఏ చికిత్స అందుతోందో వాళ్లకు తెలుసు. నొప్పి ఎంత తగ్గిందో చెప్పేదీ వాళ్లే. "నొప్పిని భయంకరంగా చూడకండి" అని నెల రోజులు నేర్పాక "మీ నొప్పి ఎంత?" అని అడిగితే వచ్చే జవాబులో ఎంత భాగం నొప్పి తగ్గడం, ఎంత భాగం చెప్పే తీరు మారడం? నాకు ఇది చిన్న ప్రశ్నగా అనిపించడం లేదు.

ఇలాంటి వాదనల్లో తరచూ చెప్పే ఇంకో అధ్యయనం యూరప్‌లోని లిథువేనియాది. దాన్నీ ఇలాగే చూడాలి. వెనక నుంచి కారు గుద్దితే మెడ నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతుందని పాశ్చాత్య దేశాల్లో గట్టి నమ్మకం. లిథువేనియాలో ఆ నమ్మకమూ, పరిహారం ఇచ్చే బీమా పద్ధతీ అప్పట్లో పెద్దగా లేవు. అక్కడ అలాంటి ప్రమాదం జరిగిన 202 మందిని ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత కలిస్తే, మెడ నొప్పి ప్రమాదం జరగని మామూలు మనుషులకన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువగా లేదని 1996లో రాశారు. ఆశ్చర్యపరిచే ఫలితమే. కానీ ఆ 202 మందిలో అసలు మెడకు దెబ్బ తగిలినవాళ్లు తక్కువే. ఇంత చిన్న లెక్కతో "దీర్ఘకాలిక నొప్పి అంతా నమ్మకమే" అని తేల్చలేరు.

పీహెచ్‌సీ డాక్టరమ్మ

మాస్టారు గారు అడిగిన ప్రశ్న మంచిది. నొప్పిని కొలిచే యంత్రం లేదు కాబట్టి ఆ ఇబ్బంది అన్ని నొప్పి మందుల ప్రయోగాల్లోనూ ఉంటుంది, మానసిక చికిత్సలో ఇంకాస్త ఎక్కువ. అయితే నేర్చుకోవడం, ఒత్తిడి నొప్పిని మారుస్తాయా అన్నదానికి మనం ఆ ఒక్క ప్రయోగం మీద ఆధారపడలేదు. అది తెలియడానికి వేరే దారులు ఉన్నాయి.

ఆస్ట్రేలియా పరిశోధకుడు లోరిమర్ మోస్లీ, ఆర్నోల్డ్ ఆర్ంట్జ్ 2007లో చేసిన పని చూడండి. చేతి వెనక భాగాన మైనస్ 20 డిగ్రీల చల్లని లోహపు కడ్డీని అర సెకను ఆనించారు. కడ్డీ ప్రతిసారీ అదే. కానీ కొన్నిసార్లు ఎర్ర దీపం చూపించారు, కొన్నిసార్లు నీలం దీపం. ఎర్ర దీపంతో వచ్చినప్పుడు జనం ఎక్కువ నొప్పి అన్నారు. ఎరుపంటే వేడి, ప్రమాదం అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. చర్మం నుంచి వెళ్లిన సంకేతం మారలేదు, మెదడు దానికి కట్టిన విలువ మారింది.

1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న ఉదంతం వేశారు. 29 ఏళ్ల భవన నిర్మాణ కూలీ కిందికి దూకితే 15 సెంటీమీటర్ల మేకు బూటును చీల్చుకుని పైకి వచ్చింది. కొంచెం కదిలినా కేకలు. మత్తు మందు ఇచ్చి మేకు పీకి బూటు విప్పితే, మేకు వేళ్ల మధ్య నుంచి వెళ్లింది, కాలికి గీత కూడా పడలేదు. ఆ మనిషి నటించాడా? లేదు. కళ్లు చూసినదాన్ని బట్టి మెదడు ప్రమాదాన్ని లెక్క కట్టింది, ఆ లెక్కే నొప్పిగా తెలిసింది.

ఇక ఒత్తిడి. దీని గురించి జనంలో ఉన్న అపోహ ఏమిటంటే, టెన్షన్ పడితే నొప్పి ఎప్పుడూ పెరుగుతుందని. ప్రాణాపాయంలో జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని ఆంజియో దగ్గర హెన్రీ బీచర్ అనే, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యుడు, తీవ్రంగా గాయపడిన సైనికుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది నొప్పికి మందు అక్కర్లేదనడం గమనించాడు. అప్పటికప్పుడు వచ్చిన పెద్ద ఒత్తిడిలో మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నరాల దారులు నొప్పిని అణిచేస్తాయి. పారిపోవడానికి, ప్రాణం దక్కించుకోవడానికి అది అవసరం.

కానీ ఒత్తిడి నెలలూ ఏళ్లూ సాగితే కథ తిరగబడుతుంది. కార్టిసాల్ అనే హార్మోను పొద్దున పెరిగి రాత్రికి తగ్గే క్రమం చెడుతుంది. నిద్ర తెగుతుంది. నిద్ర సరిగా లేని మర్నాడు అదే స్పర్శకు నొప్పి ఎక్కువ తెలుస్తుందని ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీదే ప్రయోగాల్లో తేలింది. కండరాలు బిగిసి ఉంటాయి. నొప్పిని అణిచే ఆ దారులే ఇప్పుడు నొప్పిని పెంచేవైపు మొగ్గుతాయి. గోదారిగట్టు గారి మార్చి నెల సంగతి నాకు వింతగా లేదు.

నొప్పి అంటే ఏమిటో చెప్పే నిర్వచనాన్ని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించింది. దానికి చేర్చిన వివరణలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నట్టే లెక్క: నొప్పి అంటే ఏమిటో మనుషులు జీవిత అనుభవాల ద్వారా నేర్చుకుంటారు, తనకు నొప్పి ఉందని ఒకరు చెబితే దాన్ని గౌరవించాలి. నొప్పిని నేర్చుకుంటారని అన్నవాళ్లే రోగి మాటను నమ్మమన్నారు. మొదటి మాట చదివి రెండోది వదిలేసే డాక్టర్ల మీదే మల్లెతీగ గారి కోపం. అది న్యాయమైన కోపం.

నిజామాబాద్ నుంచి

నేను బీడీ కార్మికుల సంఘంలో పనిచేస్తాను. ఇక్కడ ఒత్తిడి ఒత్తిడి అంటున్నారు, ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కరూ అడగలేదు.

మా ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని, కాళ్లు మడిచి, మెడ వంచి పొద్దంతా బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. లేచి నాలుగు అడుగులు వేస్తే ఆ కాసేపు కూలి పోయినట్టే. ఆకు బాగోలేదని, కొలత తక్కువుందని కొన్ని కట్టలు పక్కన పడేస్తే ఆ పని అంతా ఉత్తదే. మెడ, నడుము, భుజాలు గుంజుతాయని చెప్పని మనిషి ఉండదు. వాళ్లకు మీరు "మీ నాడీవ్యవస్థ నేర్చుకుంది, ఒత్తిడి తగ్గించుకోండి" అంటే, మాకు వినిపించేది "మీ కూలి గురించి మేము మాట్లాడం" అని.

అమెరికాలో బోయింగ్ విమానాల కంపెనీలో 3,020 మంది ఉద్యోగులను ఏళ్ల పాటు గమనించి 1991లో అధ్యయనం వేశారు. తమ పని దాదాపు ఎప్పుడూ నచ్చదన్నవాళ్లు, దాదాపు ఎప్పుడూ నచ్చుతుందన్నవాళ్లకన్నా రెండున్నర రెట్లు ఎక్కువగా నడుము గాయాలు రిపోర్టు చేశారు. దీన్ని అందరూ "చూశారా, నొప్పి మనసులో ఉంది" అని చదువుతారు. నేను "చూశారా, నొప్పి ఉద్యోగంలో ఉంది" అని చదువుతాను. పని నచ్చకపోవడం మనిషి జబ్బా? పని ఎలా ఉందో చూడరా?

లెక్కల మాస్టారు

ఈ వాదన నాకు నచ్చింది. ఒక చిన్న సవరణ. ఆ అధ్యయనంలో లెక్కపెట్టింది నొప్పిని కాదు, నొప్పి ఉందని ఉద్యోగులు కంపెనీకి చేసిన ఫిర్యాదులను. పని నచ్చనివాడు ఫిర్యాదు చేస్తాడు, నచ్చినవాడు ఓర్చుకుంటాడు. కాబట్టి అది "నొప్పి మనసులో ఉంది" అనడానికీ చాలదు, "ఉద్యోగంలో ఉంది" అనడానికీ చాలదు. మీ బీడీ కార్మికుల సంగతి మీరు చెప్పింది ఆ అంకె అవసరం లేకుండానే నిలబడుతుంది.

గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలు. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ఇప్పుడు నాకు అసలు సందేహం వైద్యం గురించి. నేర్చుకున్న నొప్పి అయితే మరిచిపోవడం ఎలా? నేను నడుము నొప్పికి కట్టుకునే బెల్టు లేకుండా బయటికి వెళ్లను. గ్యాస్ సిలిండర్ జరపను, పాపను ఎత్తుకోను. వంగి బూటు లేసు కట్టుకోవాలంటే ముందు గోడ పట్టుకుంటాను. ఇవన్నీ జాగ్రత్తలే అనుకున్నాను. ఇవే నొప్పిని పెంచుతున్నాయా?

సిద్దిపేట ఫిజియో

మొదట్లో జాగ్రత్తలే. నొప్పి కొత్తగా వచ్చిన వారం అవి సాయపడతాయి. ఏళ్లు గడిచాక వాటి పని వేరు. బెల్టు కట్టిన ప్రతిసారీ "నా నడుము పెళుసు" అన్న పాఠం ఇంకోసారి చదువుతున్నట్టే.

మరిచిపోవడం జరగదు. పాత పాఠం మీద కొత్త పాఠం బలపడాలి. నేను చేసేది ఇది. మీరు భయపడే కదలికలు రాయమంటాను, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం వరకు. లేసు కట్టుకోవడం నుంచి మొదలుపెడతాం. చేసే ముందు "ఏమవుతుందనుకుంటున్నారు?" అని అడుగుతాను. "నరం పట్టేసి రెండు రోజులు లేవలేను" అంటారు. చేశాక ఏమైందో చూస్తాం. కొంచెం నొప్పి రావచ్చు, కానీ లేవలేకపోవడం జరగదు. మెదడు తాను ఊహించినదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న ఆ తేడా నుంచే నేర్చుకుంటుంది. బిగపట్టిన ఊపిరి వదిలి, నడుమును వదులుగా ఉంచి వంగడం నేర్పుతాను. ఆ తర్వాత ఖాళీ బకెట్, సగం నీళ్ల బకెట్, చివరికి పాప. సిలిండరు ఎప్పుడన్నది మీ ఇద్దరి బలాన్ని బట్టి, అంటే మీదీ మీ భయానిదీ.

ఆస్ట్రేలియాలో 492 మంది మీద ఇలాంటి పద్ధతిని పరీక్షించి 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఫిజియోలే చేశారు. మామూలు వైద్యం పొందినవాళ్లతో పోలిస్తే నొప్పి వల్ల పనులు ఆగిపోవడం బాగా తగ్గింది, ఏడాది తర్వాత కూడా ఆ లాభం నిలిచింది. మాస్టారు గారు అడుగుతారని ముందే చెబుతున్నాను: ఇక్కడ కూడా రోగులకు తమకు ఏ చికిత్స అందుతోందో తెలుసు. కానీ ఇది "నొప్పి ఎంత?" అన్న ప్రశ్న ఒక్కటే కాదు. లేవగలిగారా, నడవగలిగారా, పనికి వెళ్లగలిగారా అనీ అడిగారు.

లెస్టర్ తెలుగు

ఇంగ్లండ్ నుంచి ఒక మాట. ఇక్కడ 2021లో వచ్చిన ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లో, వేరే కారణం ఏదీ కనిపించని దీర్ఘకాలిక నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి గానీ మార్ఫిన్ జాతి మందులు గానీ మొదలుపెట్టవద్దన్నారు. వ్యాయామం, కొన్ని రకాల మానసిక చికిత్సలు, ఆక్యుపంక్చర్, కొన్ని డిప్రెషన్ మందులు సూచించారు. కాగితం మీద బాగుంది. మా అత్తయ్యకు మాత్ర ఆపడం వెంటనే జరిగింది, వ్యాయామ కార్యక్రమంలో చోటు దొరకడానికి నెలలు పట్టింది. ఆ నెలలు ఆమె ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మీ దగ్గర ఎవరైనా ఇది చదివి మందులు ఒక్కసారిగా ఆపేస్తారేమోనని రాస్తున్నాను. కొన్ని మందులు డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాల్సినవి.

మల్లెతీగ

డాక్టరమ్మ గారు రాసినది నేను రెండుసార్లు చదివాను. అలా ఎవరైనా నాకు అప్పుడు చెప్పి ఉంటే వినేదాన్నే. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. "నేర్చుకున్న నొప్పి" అని చెప్పేముందు డాక్టరు తాను ఏమేం చూశారో, ఏవి లేవని తేల్చారో, ఏది ఇంకా చూడలేదో కాగితం మీద రాసివ్వాలి. ఆరు నెలల తర్వాత మార్పు లేకపోతే మళ్లీ వెతుకుతామని కూడా రాయాలి. అది రాసివ్వని చోట ఈ మాటను నేను వైద్యంగా ఒప్పుకోను. సిద్ధాంతం ఎంత గొప్పదైనా సరే.

గోదారిగట్టు గారూ, మీ డాక్టరును ఈ ఒక్క కాగితం అడిగి చూడండి.

పీహెచ్‌సీ డాక్టరమ్మ

అడగండి, తప్పకుండా అడగండి. నేను రాసివ్వడం మొదలుపెడితే ఓపీలో ఒక్కొక్కరికి దొరికే నాలుగైదు నిమిషాలు సరిపోవని నాకు తెలుసు. అయినా "ఏమీ లేదు, టెన్షన్ పెట్టుకోకండి" అని పంపించడానికి, "ప్రమాదకరమైనవి ఇవి చూశాను, లేవు, నొప్పి నిజమే, ఇలా కదలడం మొదలుపెట్టండి, ఇవి కనిపిస్తే వెంటనే రండి" అనడానికి సమయంలో తేడా ఒక నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషం దొరుకుతుంది. మర్రిగూడ మనిషి గారి ఊరి పెద్దవాళ్లకు కూడా ఎముక మారదు గానీ, నిద్ర, కదలిక, భయం, ఈ మూడింటిలో తగ్గించగలిగిన బాధ కొంత ఉంటుంది. నీళ్లకు బదులుగా కాదు, నీళ్లు వచ్చాక.

నిజామాబాద్ నుంచి రాసినవారికి. వెయ్యి బీడీల లెక్క మీద కూలి ఉన్నంతకాలం, గంటకోసారి లేచి నడవమని నేను చీటీ రాసినా బీడీలు చుట్టే మనిషికి లేచే వీలుండదు. అది నా మందుతో తీరేది కాదు. మీ సంఘం కూలి రేటు గురించి లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టేటప్పుడు, లేచి తిరిగే సమయం ఎందుకు అవసరమో, అది లేకపోతే మెడకూ నడుముకూ నిద్రకూ ఏమవుతుందో వైద్యపరంగా రాయాల్సిన పేజీ నేను రాసిస్తాను. ఈ వేదికలోనే సందేశం పెట్టండి.